తీసేసిన నోటీసు

మా ఆయన వెండెల్ పోయిన రోజు నేను బడిలో పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. మా పాత స్నేహితుడు ఆర్లో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆర్లో టోపీ తీయడం నేను చూడలేదు. అందుకే అతను నోరు తెరవకముందే సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

వెండెల్ మా పై గుట్ట మీద నీళ్ళ ట్యాంకు దగ్గర పడిపోయి ఉన్నాడని చెప్పాడు. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ ట్యాంకు వాడటం మానేసి ఏళ్ళయింది. అక్కడికి ఎందుకు వెళ్ళాడన్నది నాకు అర్థం కాలేదు. ఎవరినీ అడగలేదు కూడా. అడిగితే వచ్చే జవాబుతో చేసేదేముంది అనుకున్నాను.

అది సెప్టెంబరు. అక్టోబరు చివర్లో కౌంటీ ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. నా భూమిలో లైసెన్సు లేకుండా, వ్యాపారం కోసం గంజాయి పండిస్తున్నారని, ఆ సంగతి తెలియజేస్తూ గేటు మీద నోటీసు అంటించామని, పది రోజుల గడువులో ఎవరూ అప్పీలు చేసుకోలేదు కాబట్టి జరిమానా ఖాయమైపోయిందని అందులో ఉంది. మొక్కలు నిలబడి ఉన్న ప్రతి రోజూ ఒక కొత్త తప్పు, దానికో కొత్త జరిమానా. కట్టకపోతే కౌంటీ ఆ బాకీని భూమి మీద రాయించుకుంటుంది. ఆ పైన వేలం.

అలాంటి నోటీసు నేను చూడలేదు. ఆ మాటే చెబుదామని సముద్రపొడ్డున ఉన్న ఊళ్ళో ఆఫీసుకు వెళ్ళాను. ఓచోవా అనే అధికారిణి మర్యాదగా కూర్చోబెట్టి రెండు ఫొటోలు చూపించింది. మొదటిది ఆకాశం నుంచి తీసింది. మా పై ట్యాంకు వెనక, ఓక్ చెట్ల మధ్య ఖాళీలో, పచ్చటి చుక్కలు వరసగా ఉన్నాయి. రెండోది మా గేటు. గేటుకు మా బడి పిల్లలు వెండెల్ కోసం అల్లిన ఆకుల దండ వేలాడుతోంది. దాని కిందే నోటీసు. అంటే వెండెల్‌ని తలుచుకోవడానికి లోయలోని వాళ్ళంతా మా ఇంటికి వచ్చిన రోజు అది. ఫొటో అంచున ఆకుపచ్చ ట్రక్కు ఒకటి, చెక్క కటకటాలతో, సగం కనబడుతోంది. అలాంటి ట్రక్కు మా లోయలో ఒక్కటే ఉంది. అది ఆర్లోది.

"నోటీసు మీరు చూడకముందే ఎవరో తీసేశారంటే, ఆ తీసినవాళ్ళు ఇక్కడికొచ్చి ప్రమాణం చేసి చెప్పాలి మేడమ్," అంది ఓచోవా. "అప్పుడు ఆలస్యమైనా మీ అప్పీలు తీసుకునే వీలుంది. సోమవారం దాకా ఫైలు నా దగ్గరే ఉంచుతాను. అంతకుమించి నా చేతుల్లో లేదు."

"ఆ మొక్కలు మా ఆయన వేసినవి కావు," అన్నాను.

"మరి ఎవరివో చెప్పగలరా?"

నేను ఫొటోలు ఆమె వైపు జరిపాను. ఆమె నా వైపు జాలిగానే చూసింది. "మీ కొండల్లోవాళ్ళు మా మెట్లెక్కడం నేను చూళ్ళేదు మేడమ్. మీరు వచ్చారు. అదే గొప్ప."

వెండెల్ గంజాయి వేయడం మానేశాడు. గంజాయి పండించడం చట్టబద్ధం చేసిన ఏడాదే మానేశాడు. లైసెన్సుకు అడిగిన రోడ్డు, చెరువు, ఇంజనీరు సంతకాలు మన వల్ల కావని, తన చేత్తో పందిరి గుంజలు పీకేశాడు. అవి మా కట్టెల కొట్లో పడి ఉన్నాయి. ఆ మాట నిజమని ఆఫీసులో రుజువు చేయాలనే నా తాపత్రయం. భూమి పోతుందన్న భయం లేదని కాదు. అతని బూడిద కలిపింది ఆ మట్టిలోనే. కానీ అతని పేరు ఆ కాగితం మీద ఉండటం నాకు అంతకన్నా ఎక్కువ బాధగా ఉంది. నాతో ఏదీ దాచని మనిషని నేను అనుకున్నాను.

శనివారం పొద్దున ఆర్లో ఇంటికి వెళ్ళాను.

మా కొండల్లో మూసి ఉన్న గేటు ఎవరూ దాటరు. బయట ఆగి హారన్ కొట్టాలి. లోపలివాళ్ళు వచ్చి తీస్తేనే వెళ్ళాలి. ఇవాళ పంట కోసం దాక్కోవాల్సిన పని ఆర్లోకి లేదు. అతనికి లైసెన్సు ఉంది. అయినా నేను హారన్ కొట్టాను, అతను వచ్చి గేటు తీశాడు.

"రా టీచరమ్మా. కాఫీ ఉంది. నిన్నటిదే అనుకో, కానీ ఇవాళ మళ్ళీ కాచాను. కొత్తదాని కిందే లెక్క."

షెడ్డులో పొడవాటి బల్ల ముందు అతని కూతురు జూనీ ఒక్కతే కూర్చుని కత్తెరతో మొగ్గల చుట్టూ ఉన్న ఆకు తీసేస్తోంది. పైన దూలాలకు కొమ్మలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ప్రతి కొమ్మకూ నంబరు రాసిన నీలం పట్టీ ఉంది. ఒకప్పుడు ఈ రోజుల్లో ఈ బల్ల చుట్టూ చోటు దొరికేది కాదు. పాటలు, తగువులు, ఎవరో ఒకరి పెళ్ళి ఖాయం కావడం, అన్నీ ఇక్కడే జరిగేవి.

"చూశావా పట్టీలు?" అన్నాడు ఆర్లో. "నాకు పేరు పెట్టడానికి మా అమ్మ కూడా ఇంత శ్రమపడి ఉండదు. ఒక్క ఆకు నేల మీద పడితే అది ఎక్కడ పడిందో రాయాలట."

"నాన్నా, ఆవిడకి ఆ కాఫీ పోయకు. దానికీ లైసెన్సు లేదు," అంది జూనీ.

జూనీ మా బడిలో చదువుకున్న పిల్ల. చిన్నప్పుడు తరగతిలో అందరికన్నా ముందు చెయ్యెత్తేది, జవాబు తెలియకపోయినా. ఇప్పుడు తన కూతురు టెస్ నా దగ్గర ఒకటో తరగతిలో ఉంది. ఆ రోజు జూనీ నవ్వింది గానీ, కత్తెర మీద నుంచి కళ్ళెత్తలేదు.

నేను కూర్చోలేదు. కూర్చుంటే అడగలేనేమో అనిపించింది.

"ఆర్లో, వెండెల్ కోసం అందరూ మా ఇంటికి వచ్చిన రోజు మా గేటు మీద ఒక కాగితం ఉంది. దాన్ని నువ్వు తీశావా?"

అతను కాఫీ గిన్నె కింద పెట్టాడు.

"తీశాను."

"ఏం చేశావు?"

"మీ వంటింటి పొయ్యిలో పెట్టాను. ఆ రోజు అందరికీ కాఫీ కాచాను చూడు, ఆ పొయ్యి ముట్టించింది దాంతోనే."

ఆ రోజు నేనూ ఆ కాఫీ తాగాను. వద్దంటే ఆర్లోనే కప్పు చేతిలో పెట్టి, తాగేదాకా ఎదురుగా నిలబడ్డాడు.

"అందులో ఏముందో చదివావా?"

"ఏం మాటలవి లెనోర్?" అతనికి నిజంగానే బాధ వేసింది. "ఇంకొకళ్ళ గేటు మీద కాగితం చదువుతానా? పైన కౌంటీ ముద్ర ఉంది. అంతవరకే చూశాను. మొగుణ్ణి తలుచుకునే రోజున నువ్వు గేటు దాకా నడిచొచ్చి ఆ ముద్ర చూడాలా? నేను తియ్యకపోతే ఇంకెవరు తీస్తారు?"

"ఆ రోజు లోయ మొత్తం ఆ గేటులోంచే వచ్చింది."

"వచ్చారు. అందరూ చూశారు. చూడనట్టు లోపలికొచ్చారు. మర్యాద తెలిసినవాళ్ళు గనక."

ఆ మర్యాద నాకు కొత్త కాదు. నా బడిలో మీ నాన్న ఏం పని చేస్తాడని ఏ పిల్లనీ అడగలేదు నేను. అడగకూడదని నాకెవరూ చెప్పలేదు. ఇక్కడ బతికేవాళ్ళకు అది ఊపిరి పీల్చినట్టు వచ్చేస్తుంది.

"జూనీ పుట్టిన వారం మా గేటు మీదా ఒకటి అంటించారు," అన్నాడు ఆర్లో. "గంజాయి వెతుకుతూ పోలీసు హెలికాప్టర్లు చెట్ల మీద తిరిగే రోజులు. వెండెల్ వచ్చి తీసేశాడు. తీసి మా పొయ్యిలోనే వేశాడు. వాడు అందులో ఏముందో చదవలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు."

"అప్పుడు కాగితం చేతికిస్తేనే ఇచ్చినట్టు. ఇప్పుడు గేటుకి అంటించి ఫొటో తీసుకుంటే చాలు."

"ఎప్పుడు మార్చారు?"

"నాకూ తెలియదు."

"ఎవరూ చెప్పలేదే."

"చెప్పే ఉంటారు నాన్నా," అంది జూనీ, తల వంచుకునే. "ఏదో కాగితం మీద."

ఎవరమూ నవ్వలేదు. పది రోజుల గడువు సంగతీ, జరిమానా సంగతీ, వేలం సంగతీ నేను ఆర్లోకి వివరంగా చెప్పాను. తరగతిలో చెప్పినట్టే నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి. అతను వింటూ వింటూ బల్ల మీద ఉన్న నీలం పట్టీ ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నాడు. చివరికి దాన్ని విరిచేశాడు.

"అంటే నీ ఇల్లు నేను కాల్చాను."

"అలా అనకు. సోమవారం నాతో వచ్చి, కాగితం తీసింది నువ్వేనని చెప్పు. అంతే నేను అడిగేది."

"ఆ ఆఫీసుకా?"

"నీకు లైసెన్సు ఉంది ఆర్లో. వాళ్ళే ఏటా వచ్చి నీ మళ్ళు కొలుచుకుపోతున్నారు."

"వాళ్ళు నా దగ్గరికి రావడం వేరు. నా కాళ్ళతో నేను వెళ్ళి చెయ్యెత్తి ప్రమాణం చేయడం వేరు." అంటూనే టోపీ సర్దుకున్నాడు. "సరే. వస్తాను. వెండెల్ కోసం వస్తాను. వాడు ఈ వయసులో మళ్ళీ నాలుగు మొక్కలు వేసుకున్నాడని ఇల్లు లాక్కుంటారా?"

"వెండెల్ వేయలేదు."

"లెనోర్."

"వేయలేదు. నాకు చెప్పకుండా వేయడు."

అతను నా వైపు చాలా మెత్తగా చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. "నీ భూమిలో నీ మొగుడు కాక ఎవరు వేస్తారే? వేస్తే మాత్రం ఏం తప్పు? మనందరం తిన్నది అదే తిండి. మీ బడి పైకప్పుకి రేకులొచ్చాయే, ఆ డబ్బు ఎక్కడిదని నువ్వెప్పుడైనా అడిగావా?"

"అడగలేదు."

"మరి? ఇవాళ నీ మొగుడి పేరు దగ్గరికి వచ్చేసరికి అది మురికైపోయిందా?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను బాధపడుతున్నది గంజాయి గురించి కాదని, నాకు చెప్పకపోవడం గురించని, అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు.

జూనీ కత్తెర బల్ల మీద పెట్టింది. పక్కన ఉన్న గిన్నెలో నూనె తీసుకుని వేళ్ళకు అంటిన జిగురు తుడుచుకోవడం మొదలుపెట్టింది. వేలు తర్వాత వేలు, చాలాసేపు తుడుచుకుంది.

"టీచర్ చెప్పింది నిజమే నాన్నా. వెండెల్ బాబాయి వేయలేదు. నేను వేశాను."

ఆర్లో విననట్టే ఉన్నాడు. తర్వాత, "ఏం వేశావే?" అన్నాడు.

"ఆ మొక్కలు. పై గుట్ట మీద. మన మళ్ళలో వచ్చేది లైసెన్సు ఖర్చులకే చాలట్లేదు. నీకు చెబితే లైసెన్సు వదిలేద్దాం అంటావు. అది తెచ్చుకోవడానికి నువ్వెంత తిరిగావో నేను చూశాను. అందుకే దాన్ని నిలబెట్టుకోవడానికి, లైసెన్సు లేని చోట ఇంకొన్ని వేశాను." ఆమె నవ్వబోయింది, రాలేదు. "పిచ్చి లెక్కే. మీరు నేర్పిన లెక్క కాదు టీచర్."

"వెండెల్‌కి తెలుసా?" అని అడిగాను.

"అడిగే వేశాను. పాత మడి ఖాళీగానే ఉంది కదా, ఈ ఒక్క ఏడాదికి అన్నాను. సరేనన్నాడు. మీకు మాత్రం చెప్పొద్దన్నాడు. 'చెబితే లెనోర్ వద్దనదు. కానీ రేపు ఎవడైనా వచ్చి అడిగితే ఆమె అబద్ధం చెప్పాల్సొస్తుంది. ఆమెకి అది చేతకాదు. ఆ బరువు ఆమె మీద పెట్టొద్దు' అన్నాడు."

ఆ మాటలు అతనివే. ఆ వరసలో, ఆ కుదురులో, నాకు అతని గొంతే వినబడింది. ఇన్ని వారాల తర్వాత అతను మాట్లాడినట్టు అనిపించి, ఆ మాటల్లో ఉన్న సంగతి కన్నా ముందు ఆ గొంతు కోసం ఆగిపోయాను. ఆ తర్వాత అడగాల్సింది అడిగాను.

"ఆ మొక్కలకి నీళ్ళు ఎక్కణ్ణించి?"

జూనీ చేతులు ఆగిపోయాయి.

"పై ట్యాంకు నుంచి టీచర్."

"ఎవరు పట్టేవాళ్ళు?"

"నేనే. ఎప్పుడూ నేనే వెళ్ళి పంపు పెట్టి, ట్యాంకు నింపి వచ్చేదాన్ని. ఆ ఒక్కరోజు టెస్‌కి ఒళ్ళు కాలిపోతోంది. విడిచి వెళ్ళలేకపోయాను. ఎండలు మండిపోతున్నాయి, ఒక్క పూట నీళ్ళు లేకపోతే వాడిపోతాయి. బాబాయికి ఫోన్ చేశాను. 'పిల్లని చూసుకో, నేను వెళ్తాలే' అన్నాడు. మధ్యాహ్నం చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అప్పుడు నాన్నని..."

"అందుకా నన్ను పైకి వెళ్ళి చూడమన్నావు?" అన్నాడు ఆర్లో. "పనిముట్టు ఏదో అడిగి తెమ్మన్నావు. బాబాయి పై ట్యాంకు దగ్గర ఉన్నాడేమో చూడమన్నావు."

"అవును."

ఆ రోజు టెస్ బడికి రాలేదు. హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగి, పలకకపోతే తర్వాతి పేరుకు వెళ్ళాను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మామూలుగా అనుకునేదే.

"టెస్‌కి ఎప్పుడు తగ్గింది?" అని అడిగాను.

జూనీ నా వైపు చూసింది. నేను తిడతానని ఆమె ఎదురుచూసి ఉండాలి. ఆ తిట్టు కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూస్తూ ఉండి ఉండాలి.

"మర్నాటికే తగ్గింది," అంది. అని, నూనె చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆర్లో లేచి షెడ్డు తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. బయట సన్నగా మంచు దిగుతోంది. ఏటవతల చెట్లు కనబడటం మానేశాయి.

"అయితే నేను కాల్చింది నీ కాగితమా?" అన్నాడు, ఇటు తిరక్కుండానే. "కాలుస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు. కప్పులు కడుగుతున్నావు."

"నువ్వు కాల్చావు కదా, ఇంక పోయింది అనుకున్నాను నాన్నా. పోతుందనే కదా నువ్వు నాకు నేర్పింది."

ఆ పిల్లకు చదవడం, రాయడం నేర్పినది నేను. అధికారుల కాగితం వస్తే ఏం చేయాలో నేర్పినది మాత్రం ఈ లోయ.

జూనీ ముఖం తుడుచుకుని లేచింది. "సోమవారం నేను వస్తాను టీచర్. కాగితం తీసింది నాన్న, మొక్కలు నావి, మీకు ఏమీ తెలియదు. ఆ మూడూ చెబుతాను. మీ భూమి మీకు ఉంటుంది."

"నువ్వు నోరెత్తవు," అన్నాడు ఆర్లో. "మొక్కలు నావని నేను చెబుతాను. నాకు డెబ్భై దాటాయి. నన్నేం చేస్తారు?"

"లైసెన్సు నీ పేరు మీదే ఉంది. నావన్నా, నీవన్నా, పోయేది ఇదే." ఆమె పైన వేలాడుతున్న కొమ్మల వైపు చూపించింది. "తేడా ఏంటంటే, నువ్వు చెబితే అది అబద్ధం."

"అబద్ధాల సంగతి నువ్వు చెప్పాలా?"

"నేను కాక ఎవరు చెప్పాలి?"

తర్వాత ఆర్లో నా వైపు తిరిగాడు. నేల చూపులు చూస్తూ అన్నాడు.

"వెండెల్‌వే అని వదిలేస్తే? వాడికి ఇంక పోయేదేముంది లెనోర్? వాడే ఉంటే వాడే ఒప్పుకునేవాడు. ఈ పిల్ల పేరు రానిచ్చేవాడా?"

"నాన్నా, సిగ్గులేదూ! ఇల్లు పోయేది టీచర్‌ది!"

"తెలుసే. తెలిసే అన్నాను. అన్నందుకు నా నాలుక కోసుకోవాలి. కానీ అన్నాను."

అతను అన్నది నిజమేనని నాకు తెలుసు. వెండెల్ ఒప్పుకునేవాడు. ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడకుండా ఒప్పుకునేవాడు. ఆ ఆఫీసులో నేను కాపాడుతున్నాననుకున్న పేరును, అతనైతే తీసి ఆ పిల్ల చేతిలో పెట్టేవాడు.

"నాకా మొక్కలు చూపించు జూనీ," అన్నాను.

ఆర్లో ట్రక్కులో ముగ్గురం మా గేటు దాకా వచ్చి, అక్కణ్ణించి నడిచాం. వెండెల్ పోయాక నేను పై గుట్ట ఎక్కలేదు. దారి మీద రాలిన ఓక్ ఆకులు తడిసి జారుతున్నాయి. ట్యాంకు దగ్గరికి వచ్చినప్పుడు ఆర్లో ఆగి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. వెండెల్ ఎక్కడ పడి ఉన్నాడని నేను అడగలేదు. అతని కళ్ళు ఏ చోటుని తప్పించుకుంటున్నాయో చూసి తెలుసుకున్నాను. అక్కడ గడ్డి మామూలుగానే ఉంది.

మలుపు తిరిగాక మడి. నిలువెత్తు మొక్కలు, మొగ్గల బరువుకు వంగి, ఆకులు ఊదారంగు తిరిగి ఉన్నాయి. వాసన గొంతులో పట్టుకుంటోంది. మొన్నటి వానకు అక్కడక్కడా బూజు మొదలైంది.

"తర్వాత కూడా నీళ్ళు పెట్టావా?" అన్నాను.

"పెట్టాను. అమ్మడానికి కాదు టీచర్. ఆయన చివరగా నీళ్ళు పెట్టడానికి వచ్చినవి. ఎండబెట్టడం నా వల్ల కాలేదు."

ఒక్కో మొక్కా ఒరగకుండా కర్రకు కట్టి ఉంది. కట్టినవి తాళ్ళు కావు, గుడ్డ పేలికలు. నీలం గళ్ళ చొక్కా అది. చిరిగిపోయిందని నేను పారేయమన్న చొక్కా. ముడులు చూశాను. మెత్తగా, కాడ ఒరుసుకోకుండా, మధ్యలో ఒక మెలిక వదిలి వేసిన ముడులు. నా టమాటా మొక్కలకు ఏటా ఆ ముడులే ఉండేవి.

"నేను కట్టాను మొదట," అంది జూనీ. "బాబాయి చూసి, 'ఇలా కడితే ఊపిరాడదు వాటికి' అని అన్నీ విప్పి, మళ్ళీ తనే కట్టాడు. ఒక సాయంత్రమంతా పట్టింది ఆయనకి."

మా ఆయనకు వీటితో సంబంధం లేదని నేను ఓచోవాతో చెప్పి వచ్చాను.

ఆర్లో జేబులోంచి కొమ్మలు నరికే కత్తెర తీశాడు. "ఇప్పుడే నరికేద్దాం. ఇవాళ్టితో ఆ రోజువారీ లెక్కన్నా ఆగుతుంది. ఎవరివో తర్వాత తేల్చుకుందాం." మొదటి మొక్క మొదలు పట్టుకుని వంగాడు.

"ఆగు."

"లెనోర్, ఇవి నిలబడ్డ ప్రతి రోజుకీ..."

"నాకు తెలుసు. చదివాను. ఆగు."

ముడి మీద వేలు పెట్టాను. గుడ్డ తడిసి బిగుసుకుంది. విప్పుదామనే పెట్టాను. విప్పి, ఆ పేలికలన్నీ తీసుకుని, తర్వాత నరకమని చెబుదామనుకున్నాను. ఒక కొస దొరికింది. లాగలేదు.

జూనీ నా పక్కనే నిలబడి ఉంది. మెల్లగా అంది. "మీరు ఏం చెప్పినా సోమవారం నేను వస్తాను టీచర్."

"అది వస్తే నేనూ వస్తాను," అన్నాడు ఆర్లో. "అది నోరు తెరిచేలోపల నేనే తెరుస్తాను."

ఇద్దరినీ ఇంటికి వెళ్ళమన్నాను. వెళ్ళారు. కత్తెర ట్యాంకు మూత మీద వదిలి వెళ్ళాడు ఆర్లో.

అప్పీలు పత్రం మా వంటింటి బల్ల మీద ఉంది. నా పేరు, చిరునామా నింపాను. ఆ కిందనే, మొక్కలు ఎవరు పెంచారు అని ఒక ప్రశ్న, పక్కన ఖాళీ. జూనీ పేరు రాస్తే నిజం, ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. వెండెల్ పేరు రాస్తే నా ఇల్లు పోతుంది, అదీ పూర్తిగా అబద్ధం కాదు. సోమవారం ఉదయం ఆఫీసు తెరిచేలోగా రాయాలి.

ఇంకా రాయలేదు. మొక్కలు ఇంకా నరకలేదు.